రిథమ్ గేమ్స్: ఒకే పాటను ఎన్నిసార్లు ఆడినా ఎందుకు విసుగు రాదు?

లయవాహిని (విజయవాడ)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా మనసులో మెదులుతున్న ప్రశ్నను ఇక్కడ పెడుతున్నాను. నేను పెద్దగా వీడియో గేమ్స్ ఆడే మనిషిని కాదు. కథ నడిచే ఆటలను సగంలో వదిలేస్తాను, తుపాకుల ఆటల జోలికే వెళ్లను. కానీ పాట వినిపిస్తూ, దానికి తగ్గట్టు మీటలు నొక్కమనే ఆట దొరికితే మాత్రం వదలబుద్ధి కాదు. ఫోనులో పియానో టైల్స్‌తో మొదలై, కంప్యూటర్‌లో పాటకు తగ్గట్టు తెర మీది గుండ్రాలను నొక్కే ఓసు దగ్గరకు, అక్కడి నుంచి డోలు కొట్టే జపాన్ ఆట తైకో నో తత్సుజిన్ దగ్గరకు వచ్చాను.

వీటిలో తెలుసుకోవాల్సిన కథ లేదు, గెలుచుకోవాల్సిన రాజ్యం లేదు. ఒకే పాట, అవే నోట్లు (ఎప్పుడు నొక్కాలో తెర మీద చూపే గుర్తులు), అదే వరస. మామూలుగా ఒక పాటను పదే పదే వింటే నాకు మొహం మొత్తుతుంది. అదే పాటను ఆడుతుంటే ప్రతిసారీ కొత్తగా ఏదో వినపడుతోంది. వెనకెక్కడో సన్నగా నడిచే బేస్ గిటార్, పల్లవి నుంచి చరణంలోకి వెళ్లేటప్పుడు మారే తబలా నడక, ఇవన్నీ ఆడిన తర్వాతే నా చెవిన పడ్డాయి. ఎందుకిలా? మీలో ఎవరికైనా ఇలా అనిపించిందా?

ఇంకో చిన్న సందేహం. వైర్‌లెస్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఆడితే అన్నీ ‘లేట్’ అని చూపిస్తోంది. స్పీకర్‌లో బాగానే ఉంటుంది. దీనికి మందేమిటి?

తాళంచెవి (హైదరాబాద్)

ముందు ఇయర్‌ఫోన్స్ సంగతి చెబుతాను. మీ మొదటి ప్రశ్నకు జవాబు కూడా అందులోనే దొరుకుతుంది.

ఆలస్యం మీ చేతిది కాదు, బ్లూటూత్‌ది. ఫోను శబ్దాన్ని కుదించి పంపి, ఇయర్‌ఫోన్ దాన్ని విప్పి వినిపించేసరికి మామూలుగా 100 నుంచి 200 మిల్లీసెకన్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పడుతుంది. సినిమా చూసేటప్పుడు ఇది తెలియదు. అక్కడ ప్లేయర్ బొమ్మను కూడా ఆ మేరకు ఆలస్యం చేసి శబ్దంతో కలిపేస్తుంది. ఆటకు ఆ వీలు లేదు, మీరు ఎప్పుడు నొక్కుతారో దానికి ముందుగా తెలియదు కదా. నిమిషానికి 120 దెబ్బలు పడే పాటలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం 500 మిల్లీసెకన్లు. దాన్ని నాలుగు చేస్తే ఒక్కో ముక్క 125. అంటే బ్లూటూత్ ఒక పావు దెబ్బను మొత్తంగా మింగేస్తోంది. చాలా ఆటల్లో కాలిబ్రేషన్, అంటే ఆలస్యాన్ని సరిచేసే అమరిక ఉంటుంది, దాంతో నోట్లను కాస్త జరపవచ్చు. కానీ మీరు నొక్కగానే వినపడాల్సిన ‘టక్’ శబ్దం అప్పటికీ ఆలస్యంగానే వస్తుంది, ఏ అమరికా దాన్ని ముందుకు తేలేదు. వైరు ఉన్న ఇయర్‌ఫోన్స్ వాడండి.

ఇప్పుడు అసలు విషయం. ఓసులో కచ్చితత్వం స్థాయి 8 ఉన్న పాటలో పూర్తి మార్కులు రావాలంటే దెబ్బకు అటూ ఇటూ సుమారు 32 మిల్లీసెకన్ల లోపల నొక్కాలి. స్థాయి 10 అయితే 20. గేమ్ సెంటర్ల ఆట బీట్‌మేనియా టూడీఎక్స్‌లో అన్నింటికంటే పై తీర్పుకు దాదాపు ఒక్క ఫ్రేము, అంటే 17 మిల్లీసెకన్లు. మరి కంటితో చూసి వేలు కదపడానికి మనిషికి ఎంత పడుతుంది? 200 మిల్లీసెకన్లకు అటూ ఇటూ. చెవితో విని కదిపినా 150 దగ్గర. కాబట్టి చూసి నొక్కేవారికి ఇది ఎప్పటికీ అందదు. దెబ్బ పడకముందే అది ఎక్కడ పడబోతోందో ఒంటికి తెలిసి ఉండాలి.

నన్ను పట్టి ఉంచేది ఇదే. రాబోయే క్షణాన్ని ముందే పట్టుకుని, అది సరిగ్గా అక్కడే వచ్చి వాలితే కలిగే ఆనందం మరే ఆటలోనూ నాకు దొరకలేదు. మీకు బేస్ గిటార్ ఇప్పుడు వినపడటానికీ కారణం అదే. ఊరికే వినేటప్పుడు పాట మన పక్క నుంచి వెళ్లిపోతుంది. ముందు ఏమి వస్తుందో ఊహించాలంటే దాని ఎముకల గూడు మొత్తం తెలియాలి.

పాతకన్సోల్ (విశాఖపట్నం)

తాళంచెవి గారు చక్కగా చెప్పారు. నేను చరిత్ర వైపు నుంచి ఒక మాట కలుపుతాను.

ఈ తరహా ఆటలకు నేటి రూపం ఇచ్చినది 1996 డిసెంబరులో జపాన్‌లో ప్లేస్టేషన్ మీద వచ్చిన పరప్పా ద ర్యాపర్. చేసినది సంగీతకారుడైన మసాయా మత్సురా. తలమీద టోపీ పెట్టుకున్న కుక్కపిల్లకు ఉల్లిపాయ తల ఉన్న గురువు కరాటే నేర్పుతూ ర్యాప్ పాడతాడు. గురువు ఒక వరస పాడితే శిష్యుడు తిరిగి పాడాలి. మరుసటి ఏడాది కొనామీ సంస్థ బీట్‌మేనియా తెచ్చింది, అయిదు మీటలూ ఒక తిరుగుడు పళ్లెం. 1998లో డాన్స్ డాన్స్ రెవల్యూషన్, 2001లో నామ్‌కో సంస్థ వారి తైకో. అమెరికాలో మాత్రం ఈ గాలి గట్టిగా వీచింది 2005 నవంబరులో, హార్మోనిక్స్ చేసిన గిటార్ హీరోతో. ఆ సంస్థను 1995లో స్థాపించిన ఎలెక్స్ రిగోపులోస్, ఎరాన్ ఎగోజీ ఇద్దరూ ఎంఐటీ మీడియా ల్యాబ్ నుంచి వచ్చినవారే. సంగీతం రాని మనిషికి వాయించే ఆనందం ఎలా ఇవ్వాలన్నదే మొదటి నుంచీ వారి పట్టుదల.

గిటార్ హీరోలో నాకు ప్రాణమైన విషయం ఒకటుంది, దాన్ని చాలామంది గమనించరు. మీరు నోటు తప్పితే ఆ క్షణంలో పాటలోంచి గిటార్ మాయమవుతుంది. డ్రమ్స్ నడుస్తూనే ఉంటాయి, గొంతు నడుస్తూనే ఉంటుంది, గిటార్ ఉండాల్సిన చోట మాత్రం బోలు. తర్వాతి నోటు సరిగ్గా పట్టుకోగానే గిటార్ తిరిగి లోపలికి వస్తుంది. స్కోరు తగ్గినందుకు బాధ కలగదు, పాటలో గుంత పడినందుకు కలుగుతుంది. పాట నా చేతిలో ఉందని, నేను వదిలేస్తే పడిపోతుందని అనిపించేది అందుకే. అయిదు రంగుల మీటలున్న ప్లాస్టిక్ గిటార్‌ను పట్టుకుని జనం అంతగా మైమరిచిపోవడం వెనక ఉన్న ఒడుపు ఇది.

టోక్యో_తెలుగు

ఇక్కడి గేమ్ సెంటర్లలో తైకో యంత్రం దగ్గర ఎప్పుడు చూసినా జనం ఉంటారు. నడుము ఎత్తున పక్కపక్కనే రెండు డోళ్లు, ఎదురుగా తెర. 100 యెన్ల నాణెం వేస్తే కొన్ని పాటలు ఆడవచ్చు. ఎర్ర నోటు వస్తే డోలు మధ్యలో కొట్టాలి, దాన్ని దొన్ అంటారు. నీలం నోటు వస్తే అంచున, అది క. అంతే. రెండే శబ్దాలు. చిన్నపిల్లలు అయిదు నిమిషాల్లో నేర్చేసుకుంటారు. అదే ఆటలో ‘ఓని’ అంటే రాక్షస స్థాయి పాటలను చూస్తే ఆ రెండు శబ్దాలతో ఇంత అల్లిక సాధ్యమా అనిపిస్తుంది.

మొన్న సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఒకాయనను చూశాను. కోటు విప్పి పక్కన కుర్చీ మీద జాగ్రత్తగా మడిచి పెట్టారు. సంచిలోంచి గుడ్డలో చుట్టిన సొంత పుల్లలు తీశారు. యంత్రానికి కట్టి ఉండే పుల్లలు బరువుగా ఉంటాయి కాబట్టి చెయ్యి తిరిగినవారు తమవి తెచ్చుకుంటారు. ఆడుతున్నంత సేపూ ఆయన భుజాలు కదలలేదు, మణికట్లు మాత్రమే. పుల్లలు డోలు మీద నుంచి రెండు వేళ్ల ఎత్తు కూడా లేవడం లేదు. చూస్తున్నవారంతా తెలియకుండానే తలలు ఊపుతున్నారు. పాట అయ్యాక ఒక్కసారి మెల్లగా తలవంచి, కోటు వేసుకుని వెళ్లిపోయారు.

అది చూసినప్పుడు మా ఊళ్లో డప్పు వాయించే పెద్దలు గుర్తుకు వచ్చారు. కుడి చేతిలో చిర్ర, ఎడమ చేతిలో సన్నని చిటికెన పుల్ల. అక్కడా ఉన్నవి కొన్ని శబ్దాలే, దరువులు మాత్రం లెక్కలేనన్ని. ముడి సరుకు తక్కువైన కొద్దీ లయ మీద ధ్యాస ఎక్కువవుతుందేమో. తైకో నన్ను ఇంతగా లాగడానికి కారణం అదేనని నా నమ్మకం.

మృదంగం_మాస్టారు (రాజమహేంద్రవరం)

మా శిష్యులు చెబితే ఈ చర్చ చదివాను. అందరి మాటల్లోనూ లయ మీద ప్రేమ కనిపిస్తోంది, సంతోషం. ఎదురుచూపు గురించి తాళంచెవి గారు చెప్పినది అక్షరాలా నిజం. ఆది తాళంలో చెయ్యి ఎనిమిది క్రియలు వేస్తూనే ఉంటుంది, పాట సమంలోనే, అంటే తాళం మొదటి దెబ్బ మీదే, ఎత్తుకోవాలని లేదు. అతీత, అనాగత గ్రహాల్లో, అంటే ఆ దెబ్బకు ముందో వెనకో, ఎత్తుగడ ఉన్న కీర్తనలు ఎన్నో. తాళం పడే చోటు ఒకటి, పాట ఎత్తుకునే చోటు ఇంకొకటి. ఆ ఎడాన్ని మనసులో నిలుపుకోలేనివారు పక్కవాద్యం వాయించలేరు.

అయితే ఒక అభ్యంతరం చెప్పక తప్పదు. ఇందులో వాయించడం లేదు, అనుసరించడమే ఉంది. ఎవరో గీసిపెట్టిన బొమ్మలో గీత దాటకుండా రంగులు నింపడం చిత్రలేఖనం కాదు కదా. కచేరీలో గాయకుడు ఒక సంగతిని, అంటే పాట వరస మీది అల్లికను, మెల్లగా విప్పుతుంటే నా చేతి బరువు తగ్గుతుంది. స్వరకల్పనలో, అప్పటికప్పుడు స్వరాలు అల్లేటప్పుడు, ఆయన వేడెక్కితే నేనూ వేడెక్కుతాను. తని ఆవర్తనంలో, అంటే మృదంగం ఒంటరిగా మోగే ఘట్టంలో, ముక్తాయింపు (ముగింపు వరస) కట్టి సమానికి తెచ్చేటప్పుడు సభ మొత్తం నాతో లెక్క వేస్తుంది. అక్కడ ఒకరి మాట మరొకరు వింటున్నారు. మీ ఆట మీరు కొట్టినది కొలుస్తుంది, వినదు. ఎంత మెత్తగా కొట్టారు, ఎంత గట్టిగా కొట్టారు అన్నది దానికి పట్టదు. సమయం ఒక్కటే లయ కాదు.

పిల్లలు ఇది ఆడవద్దని నేను అనను. ఆడి సంగీతం వచ్చేసిందని అనుకోవద్దని మాత్రం అంటాను.

నీలిమేఘం (డల్లాస్)

మాస్టారు గారికి నమస్కారం. మీరు చెప్పినది కాదనలేను, కానీ ఇంకో వైపు కూడా ఉంది.

నాకు తాళజ్ఞానం లేదని చిన్నప్పుడే తేల్చేసి సంగీతం క్లాసు మాన్పించారు. ఏ దెబ్బ తప్పానో, ఎంత తప్పానో ఎవరూ చెప్పలేదు. ‘తాళం తప్పావు’ అన్న మాట ఒక్కటే వినపడేది. పెళ్లై ఇక్కడికి వచ్చాక, మా అమ్మాయి వెంట వెళ్లి డాన్స్ డాన్స్ రెవల్యూషన్ యంత్రం ఎక్కాను. కాళ్ల కింద నాలుగు బాణాలు, వెనక పట్టుకోవడానికి కమ్మీ. ప్రతి అడుగుకూ అది విడిగా తీర్పు చెబుతుంది. కొన్నాళ్లకు నేను ప్రతిసారీ తొందరపడుతున్నానని నాకే అర్థమైంది. తాళం నాకు తెలియక కాదు, భయంతో ముందే వేసేస్తున్నాను. ఆ ఒక్క విషయం నాకు ఎవరూ చెప్పలేదు. యంత్రం వినదు, నిజమే మాస్టారూ. కానీ అది కసురుకోదు, ఎన్నిసార్లు అడిగినా అదే ఓపికతో సరిగ్గా ఎంత ముందో, ఎంత వెనకో చెబుతుంది. నాలాంటివారికి ఆ దయ చాలా అవసరం.

వ్యాయామం సంగతి వేరే చెప్పనక్కర్లేదు. 2006లోనే వెస్ట్ వర్జీనియా రాష్ట్రం తమ ప్రభుత్వ పాఠశాలల్లో ఈ ఆటను వ్యాయామ తరగతిలో పెట్టాలని తలపెట్టింది. పరుగు పెట్టమంటే ముఖం చిట్లించే పిల్లలు పాట వేస్తే గంటసేపు గెంతుతారు, నేను కళ్లారా చూశాను.

తాళంచెవి (హైదరాబాద్)

నీలిమేఘం గారూ, తొందరపడటం మీ ఒక్కరి లక్షణం కాదు. మెట్రోనోమ్, అంటే సమానంగా టక్ టక్‌మనే తాళపు యంత్రం, పెట్టి వేలితో తాళం వేయమంటే మనుషుల్లో చాలామంది దెబ్బకు కొన్ని పదుల మిల్లీసెకన్లు ముందే వేస్తారు, వేస్తున్నట్టు వారికి తెలియదు. మానసిక శాస్త్రంలో ఇది బాగా స్థిరపడిన విషయం. సంగీత సాధన ఉన్నవారిలో ఆ తేడా తగ్గుతుంది. ఎదురుచూపు మనలో ఎంత లోతుగా ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది. దెబ్బ కోసం ఆగి వేయడం మన స్వభావంలోనే లేదు.

పాతకన్సోల్ (విశాఖపట్నం)

మాస్టారు గారి అభ్యంతరానికి పరప్పా ఆటలోనే ఒక జవాబు ఉంది. అందులో గురువు చెప్పినది చెప్పినట్టు నొక్కితే ‘గుడ్’ దగ్గర ఆగిపోతారు. ‘కూల్’ అనే పై మెట్టు ఎక్కాలంటే గురువు వరసను తాళం చెడకుండా మీ సొంత దెబ్బలతో అల్లాలి. అది సాధిస్తే గురువు వేదిక దిగిపోతాడు, శిష్యుడు తన ఇష్టం వచ్చినట్టు పాడుకోవచ్చు. ఇంత అందమైన ఆలోచనతో మొదలైన ఆటలు తర్వాత ఆ దారి వదిలి కొలతల వెంట పడ్డాయన్నది నా బాధ. కొలవడం సులువు, మనోధర్మానికి, అంటే అప్పటికప్పుడు పుట్టే సొంత అల్లికకు, మార్కులు వేయడం కష్టం, అందుకే కావచ్చు.

నేర్పే గుణం వాయిద్యాన్ని బట్టి మారుతుంది. ప్లాస్టిక్ గిటార్ మీద ఎంత ఆడినా అసలు గిటార్ రాదు, అయిదు మీటలకూ ఆరు తీగలకూ పొంతన లేదు. 2007లో వచ్చిన రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ మాత్రం వేరు. నాలుగు ప్యాడ్లూ కాలికి ఒక పెడలూ. కష్టమైన స్థాయిలో చేతులూ కాలూ కదిలే తీరు అసలు డ్రమ్స్‌కు చాలా దగ్గర. దాని మీద ఆడి, తర్వాత నిజం డ్రమ్స్ ముందు కూర్చున్నవారికి మొదటి మెట్టు సగం ఎక్కేసినట్టే ఉంటుంది. 2011లో వచ్చిన రాక్‌స్మిత్ అయితే ఏకంగా అసలు ఎలక్ట్రిక్ గిటార్‌నే వైరుతో ఆటకు కలిపి వాయించమంది. విచిత్రంగా అదే ఏడాది ఫిబ్రవరిలో గిటార్ హీరోను దాని ప్రచురణ సంస్థ యాక్టివిజన్ ఆపేసింది. వెంటవెంటనే ఆటల మీద ఆటలు దించి, ఇంటినిండా ప్లాస్టిక్ నింపి, జనానికి వెగటు పుట్టించారు. ఆట మీద జనానికి ప్రేమ తగ్గలేదు. 2018లో బీట్ సేబర్ వచ్చి, తలకు పెట్టుకునే తెరతో రెండు చేతులా కత్తులు తిప్పిస్తే మళ్లీ అదే జనం ఎగబడ్డారు.

కొత్తగొంతు (వరంగల్)

పెద్దల చర్చ మధ్యలో చిన్న ప్రశ్న అడుగుతున్నాను, క్షమించండి. తైకోలో నోట్లు గుంపుగా వస్తే ఏది ముందో తెలియక తడబడుతున్నాను. నోట్లు కదిలే వేగం బాగా తగ్గించి చూశాను, ఇంకా గందరగోళమైంది. ఏమి చేయాలి?

తాళంచెవి (హైదరాబాద్)

తగ్గించకండి, పెంచండి. పాట వేగం మారదు, నోట్లు తెర మీద కదిలే వేగమే మారుతుంది. నెమ్మదిగా కదిలితే అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. వేగం పెంచితే మధ్యలో ఖాళీ పెరిగి ఒక్కొక్కటీ విడివిడిగా కనిపిస్తుంది, మూడు మూడుగా ఉన్నవేవో, నాలుగు నాలుగుగా ఉన్నవేవో ఆకారంతోనే తెలిసిపోతుంది. మొదట బెదురుగా ఉంటుంది, త్వరలోనే అలవాటవుతుంది. ఇంకో మాట, కొట్టాల్సిన చోటును చూడకండి, దానికి కాస్త ముందు చూడండి. చేతి సంగతి చెవి చూసుకుంటుంది.

కొత్తగొంతు (వరంగల్)

పెంచి చూశాను అన్నయ్యా. ఇదివరకు ముద్దగా కనిపించిన చోట ఇప్పుడు ‘దొన్ దొన్ క, దొన్ దొన్ క’ అని చదవగలుగుతున్నాను. చాలా ధన్యవాదాలు.

లయవాహిని (విజయవాడ)

తమ్ముడూ, కొంచెం చెయ్యి కుదిరాక ఓసులో ‘హిడెన్’ కూడా పెట్టి చూడు. గుండ్రాల చుట్టూ కుంచించుకుంటూ వచ్చే వలయం ఉండదు, గుండ్రం కూడా కొట్టే సమయానికి కనుమరుగవుతుంది. అప్పుడు నమ్ముకోవడానికి చెవి ఒక్కటే మిగులుతుంది. వలయం ఉన్నంతకాలం నేను దానికే కాపలా కాశానని, పాటను వినలేదని నాకు అప్పుడే తెలిసింది.

తాళంచెవి గారూ, మీరు చార్ట్‌లు, అంటే పాటలో ఎక్కడెక్కడ నోట్లు రావాలో చెప్పే పటాలు, తయారుచేస్తారని ఇంకో చోట రాశారు. తెలుగు పాటలకు చేశారా?

తాళంచెవి (హైదరాబాద్)

నా సాధన కోసం చేస్తుంటాను, బయట పెట్టను. పాట ఎవరిదో వారి అనుమతి ఉండాలి. ఓసులో అనుమతి ఇచ్చిన కళాకారుల జాబితా వేరుగా ఉంది, బయట పెట్టేవి అందులోంచి తీసుకుంటాను. అయితే పాత తెలుగు పాటకు చార్ట్ చేయడమంత గొప్ప చదువు ఇంకొకటి లేదు.

కంప్యూటర్‌లో కట్టిన నేటి పాటకు నిమిషానికి ఇన్ని దెబ్బలని ఒక్క అంకె ఇస్తే చాలు, చివరిదాకా గీత తప్పదు. పాత పాట అలా లొంగదు. వాద్యబృందం ఒకే గదిలో కూర్చుని, నడిపించేవారి చెయ్యి చూస్తూ వాయించినది. పల్లవిలో 96 దగ్గర ఉన్న నడక చరణంలోకి వెళ్లేసరికి 98 అవుతుంది, ఆలాపన తర్వాత మళ్లీ పల్లవి అందుకునే చోట ఒక్క క్షణం నిలుస్తుంది. చార్ట్ తయారుచేసే ఎడిటర్‌లో ఆ శబ్ద తరంగాన్ని పెద్దది చేసి, తబలా దెబ్బ మొదలైన చోట గీత పెట్టి, మళ్లీ నాలుగు ఆవర్తాల (తాళం చుట్ల) తర్వాత జరిగిన చోట ఇంకో గీత పెట్టి, అలా పాట పొడుగునా వెళ్లాలి. మధ్యలో వేణువు వాయించే ఆయన ఊపిరి తీసుకున్న చోట తాళం పిసరంత సాగుతుంది. అందరూ ఆయన కోసం ఆగారు. ఎన్నో ఏళ్లుగా విన్న పాటలో అది నాకు తెలియనే లేదు. మాస్టారు గారు అన్న ‘ఒకరి మాట ఒకరు వినడం’ అంకెల రూపంలో కళ్లముందు కనిపించింది.

ఇక నోట్లు ఎక్కడ పెట్టాలన్నది పూర్తిగా మన వినికిడి. గొంతు వెంట వెళ్లాలా, తబలా వెంట వెళ్లాలా, రెండింటి మధ్య అటూ ఇటూ దూకాలా? గాయకుడు మాట ఆపి పెదవి బిగించిన చోట ఖాళీ వదలాలా, నింపాలా? ఒకే పాటకు ఇద్దరు చేసిన చార్ట్‌లు ఒకలా ఉండవు. ఊపున్న మన జానపదాలకు ఎందరో నాలుగు ముక్కల లెక్కన నోట్లు పెడతారు, అప్పుడు ఎంత బాగా కొట్టినా దరువు కుంటుతుంది. వాటిలో చాలావాటి నడక తిశ్రం, దెబ్బను మూడుగా విడదీయాలి. అది చెవితో పట్టుకోనివారు చార్ట్ చేయలేరు. కాబట్టి మాస్టారూ, బొమ్మ గీసేవారూ మాలోనే ఉన్నారు.

మృదంగం_మాస్టారు (రాజమహేంద్రవరం)

ఊపిరి దగ్గర తాళం సాగిందని చదివి చాలా ఆనందించాను. ఆ చెవి ఉన్నవారిని సంగీతజ్ఞులు కాదని నేను అనలేను. కానీ ఆ సాగుదలను మీరు విన్నారు, మీ చార్ట్ ఆడేవారు దాన్ని పాటిస్తారు. నా తేడా అక్కడే నిలిచి ఉంది. అలాగే ఉండనివ్వండి.

నీలిమేఘం గారి మాట మాత్రం నన్ను ఆలోచింపజేసింది. నా శిష్యుడు ఒకడికి కాలప్రమాణం (వేగం) పరుగెత్తే అలవాటు. చెబితే ఒప్పుకోడు. దెబ్బ ఎంత ముందు పడిందో చూపించే పట్టీ ఒకటి ఓసులో ఉంటుందని వాడే చెప్పాడు. నిన్న నా ఎదుట ఆడించాను. గీతలన్నీ ఎడమ వైపే పడ్డాయి, అంటే ముందుగానే. వాడు చాలాసేపు ఆ పట్టీనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత సర్వలఘు నడక, అంటే సమానంగా సాగే సాదా నడక, వాయించమంటే మొదటిసారి ఆగి వాయించాడు.

ఒక ప్రశ్న. మీ ఎడిటర్‌లో ఒక దెబ్బను అయిదు భాగాలు చేయవచ్చా? మా పిల్లలకు అలా అయిదుగా సాగే ఖండ నడక ఎక్కడం కష్టంగా ఉంది. తకతకిట, తకతకిట అని నోటితో బాగానే చెబుతారు, చేతికి వచ్చేసరికి నాలుగులోకి జారిపోతారు.

తాళంచెవి (హైదరాబాద్)

చేయవచ్చు మాస్టారూ. అయిదుకూ వీలుంది, ఏడుకూ ఉంది. మీరు మెట్రోనోమ్ పెట్టుకుని నిమిషానికి 60 దగ్గర ఖండ నడకలో ఓ మూడు నిమిషాలు వాయించి రికార్డు చేసి పంపండి. పాట కూడా మీదే కాబట్టి అనుమతి గొడవ లేదు. చివర్లో చిన్న ముక్తాయింపు ఉంటే ఇంకా మంచిది. తైకో పద్ధతిలో చార్ట్ చేసి ఇక్కడే పెడతాను, పిల్లలు ఇంట్లో ఆడుకుంటారు. కానీ మొదలయ్యే ముందు రెండు దెబ్బలు ఖాళీగా వదలండి, చెవి సర్దుకోవాలి.

టోక్యో_తెలుగు

చార్ట్ అయ్యాక పరీక్షించడానికి నేను సిద్ధం. సందేహమల్లా రెండు రంగుల్లో మృదంగం ఎలా ఇముడుతుందన్నదే. తొప్పి (ఎడమ) వైపు దెబ్బలన్నీ దొన్, వలంతల (కుడి) వైపు దెబ్బలన్నీ క అనుకోవచ్చా?

మృదంగం_మాస్టారు (రాజమహేంద్రవరం)

ఎడమ చేతి తొం దెబ్బ దగ్గర దొన్ పెట్టండి, కుడి చేతి నం దెబ్బ దగ్గర క పెట్టండి, మొదటి పాఠానికి అది చాలు. రెండు చేతులూ కలిసి పడే ధీం ఉంది, దానికి ఏమి చేస్తారు?

టోక్యో_తెలుగు

తైకోలో రెండు పుల్లలతో కలిపి కొట్టాల్సిన పెద్ద ఎర్ర నోటు ఉంది మాస్టారూ. సరిపోతుంది.

మృదంగం_మాస్టారు (రాజమహేంద్రవరం)

మంచిది. ఆదివారం ఉదయం పాఠం అయ్యాక వాయించి పంపుతాను. చాపు అనే ఇంకో దెబ్బకు ఏ రంగు పెట్టాలో మాత్రం విన్న తర్వాత అందరం కలిసి తేల్చుకుందాం, నాకే ఇంకా తెగలేదు.